సీజర్‌ను నేను పిలిచిన రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరు గిత్తను కొన్నా ముందు మా తాతయ్యకు చూపించేవాళ్ళు. ప్రత్తిపాడు చుట్టుపక్కల పల్లెల నుంచే కాదు, చీమకుర్తి అవతల నుంచి కూడా బండ లాగుడు పోటీలకు ఎడ్లను పెంచే రైతులు వచ్చేవారు. తాతయ్య గిత్త కింది పెదవిని బొటనవేలితో మడిచి, పళ్ళు చూసి, భుజం మీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని దాని వయసు చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు. పాలపళ్ళ మీద ఉన్న దూడ మెడకు కాడి తగలనిచ్చేవాడు కాదు. రెండు పళ్ళు వేస్తే ఉత్త కాడి, నాలుగు వేస్తే ఖాళీ బండి. ఎనిమిదీ వేశాకే బండ. తొందరపడి దూడను పాడుచేసిన రైతు ఇంట్లో ఆయన మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదని నాయనమ్మ చెప్పేది. తాతయ్య అలాంటి మనిషని ముందే చెప్పాలి. తర్వాత జరిగింది దయలేని మనిషి చేసిన పని అనుకోగలిగితే నాకు ఎప్పుడో నిద్ర పట్టేది.

నేను ఐదో తరగతిలో ఉండగా, మిరపకాయల బస్తాలతో గుంటూరు వెళ్ళిన మా బాబాయి తిరిగొచ్చేటప్పుడు ఒక కుక్కపిల్లను గోనెసంచిలో పెట్టుకుని తెచ్చాడు. అక్కడి షావుకారు ఇంట్లో పెంచుకునే గ్రేట్ డేన్ జాతి ఆడకుక్క పిల్లల్ని పెట్టిందట. బూడిదరంగు ఒళ్ళు, ఒంటికి సరిపోని పెద్ద పెద్ద పాదాలు. పేరు కూడా షావుకారు గారే పెట్టి పంపారు, సీజర్ అని. మా వీధిలో ఎవరికీ ఆ జాతి తెలియదు. నెలలు గడిచేకొద్దీ వాడు పెరిగిన తీరు చూసి అందరూ గుర్రమనే అనేవాళ్ళు.

నిజంగానే అలా పెరిగాడు. మాకు తెలిసిన మేపు ఎడ్ల మేపే. పొద్దున ఉలవ గుగ్గిళ్ళు, మధ్యాహ్నం సంకటిలో పాలు, సాయంత్రం నాలుగు గుడ్లు. పోటీ గిత్త వారం వారం ఒళ్ళు చేస్తుంటే ఎంత సంతోషమో, తాతయ్యకు సీజర్‌ను చూస్తే అంత సంతోషం. ఎనిమిది నెలలు నిండేసరికి వాడి వీపు నా నడుము దాటింది. గోడ మీద ముందుకాళ్ళు వేసి నిలబడితే బాబాయి కంటే ఎత్తు. కానీ వాడి పనులన్నీ పసిపనులే. నా జడ రిబ్బను నోట్లో పెట్టుకుని నిద్రపోయేవాడు. కోడిపెట్ట తరిమితే వచ్చి నా వెనక దాక్కునేవాడు.

ఒక ఉదయం తాతయ్య వాడిని పిలిచి, గిత్తకు చూసినట్టే పెదవి మడిచి నోరు చూశాడు. పాలపన్ను ఒక్కటి లేదు. కోరపళ్ళతో సహా అన్నీ వచ్చేసి ఉన్నాయి. తాతయ్య తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, "నోరు నిండిందిరా. ఇక వీడు పిల్లోడు కాదు, మొగోడే" అని బాబాయితో అన్నాడు. ఆ మరుసటి రోజు నుంచి సీజర్‌ను ఎడ్లబండి వెనక తాడుతో కట్టారు. ఇంటి నుంచి మిరపచేను రెండు మైళ్ళు, కంకరరోడ్డు. పోతూ రెండు, వస్తూ రెండు. బండి వేగం ఎడ్లది, వాడిది కాదు. కడుపునిండా మేపు పెట్టి, వెంటనే కట్టేవాళ్ళు.

సాయంత్రాలు ఎడ్ల కాళ్ళకు ఆముదం రాయడం మా ఇంట్లో అలవాటు. సీజర్ కాళ్ళకు రాయడం నా వంతు. మొదట ఆ విషయం తెలిసింది నా చేతికే. ముందుకాలి మణికట్టు పైన, ఎముక ఉండాల్సిన చోట, ఏదో ఉబ్బి వెచ్చగా ఉండేది. అక్కడ చెయ్యి పడితే వాడు అరిచేవాడు కాదు, కాలు మెల్లగా వెనక్కి తీసుకునేవాడు. పొద్దున్నే లేచేటప్పుడు ముందు కూర్చుని, కాసేపు ఆలోచించి, అప్పుడు నిలబడేవాడు. తాతయ్యకు చెప్పాను. ఆయన వచ్చి తడిమి, "పని పడితే గిత్తక్కూడా ఇట్టాగే ఉంటదమ్మా. నాలుగు రోజుల్లో గట్టిపడుద్ది" అన్నాడు. నేను నమ్మాను. ఊరంతా నమ్మే మాటను నేనెందుకు నమ్మను?

మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న రోజుల్లో పశువుల డాక్టరు మా ఊరికి గాలికుంటు టీకాలు వేయడానికి వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాయన. మా పశువుల కొట్టం ముందు పది పన్నెండు మంది ఎడ్లను పట్టుకుని నిలబడి ఉన్నారు. పని అయ్యాక ఆయన బండి కింద పడుకున్న సీజర్‌ను చూసి, వాడు లేచి రెండడుగులు వేసేదాకా ఆగి, ఎన్ని నెలలని అడిగాడు. బాబాయి ఎనిమిది నిండి తొమ్మిదో నెలని చెప్పాడు. బండికి కట్టిన తాడు చూసి డాక్టరు అక్కడే కింద కూర్చున్నాడు.

"నోరు నిండిందయ్యా వాడికి. నేనే చూశా" అన్నాడు తాతయ్య.

"వీటికి పళ్ళు ముందొచ్చేస్తాయి తాతగారూ. ఆరేడు నెలలకే అన్నీ వచ్చేస్తాయి. ఎముక మాత్రం ఏడాదిన్నర దాటేదాకా లేతే. పశువు లెక్క దీనికి పనికిరాదండీ."

ఆయన గొంతులో వెటకారం లేదు. నా చెయ్యి తీసుకుని సీజర్ మణికట్టు మీద, నాకు బాగా తెలిసిన ఆ వెచ్చటి చోటే పెట్టి, ఇక్కడ ఎముక ఇంకా ముదరలేదు, తాటిముంజలా ఉంది, దీని మీద బరువు పడకూడదు అని చెప్పాడు. బండికి కట్టొద్దు. గెంతించొద్దు, ఎత్తు నుంచి దూకనివ్వొద్దు. ఎండ ఎక్కకముందు కాసేపు, పొద్దువాలాక కాసేపు, మట్టినేల మీద నడిపించండి చాలు. ముందు వాడు నడవాలి, వెనక మీరు నడవాలి. వాడు ఆగితే మీరూ ఆగాలి. తిండి కొంచెం కొంచెంగా పెట్టండి, తిన్న తర్వాత గంటసేపు కదిలించొద్దు. ఒళ్ళు ఎంత నిదానంగా పెరిగితే కాళ్ళకు అంత మంచిది. ఇవన్నీ ఆయన నా కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. పెద్దవాళ్ళు వినరని ఆయనకు అప్పటికే అర్థమైందేమో.

డాక్టరు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఎడ్లను పట్టుకున్నవాళ్ళు మాత్రం వెళ్ళలేదు. వాళ్ళలో పై వీధిలో ఎడ్లు పెంచే ఒకాయన ఉన్నాడు. పోటీల్లో మా ఎడ్లకు ఎదురు ఆయన ఎడ్లే. ఆయన తాతయ్యను మావా అని పిలిచేవాడు.

"ఏంది మావా, నీకు నోరు చూట్టం రాదంటన్నాడే ఆ కుర్ర డాక్టరు?"

అందరూ నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు. నలభై ఏళ్ళ నుంచి ఆయన మాట మీద పశువులు చేతులు మారుతున్న ఊళ్ళో, ఆయనను చూసి నవ్వడం నాకు తెలిసి అదే మొదలు.

"సాయంత్రం బాట దగ్గరికి రండిరా. వాడు పిల్లోడో మొగోడో చూద్దురు గాని" అన్నాడు.

బాట అంటే ఎడ్లకు బండ లాగడం నేర్పే చోటు. ఊరి బయట చదును చేసిన పొడవాటి నేల, మధ్యలో చీమకుర్తి నుంచి తెప్పించిన నల్ల బండ. ఆ సాయంత్రం అది బాటకు అడ్డంగా పడి ఉంది. పొద్దున నవ్వినవాళ్ళందరూ వచ్చారు, అప్పుడు లేనివాళ్ళు కూడా వచ్చారు. తాతయ్య సీజర్‌ను ఒక చివర నిలబెట్టి, తాడు విప్పి, బాట పొడవునా పరుగెత్తమని అదిలించాడు. వాడు నాలుగడుగులు వేసి కూర్చున్నాడు. మళ్ళీ అదిలించాడు. ఈసారి పడుకున్నాడు.

"మొగోడు అలిసిపోయాడు మావా, మంచమెయ్యమంటావా?" అన్నాడు పై వీధాయన.

తాతయ్య వాడిని కొట్టలేదు. ఆయన జీవితంలో ఏ పశువునూ కొట్టలేదు. జనంలో నన్ను వెతుక్కుని నా దగ్గరికి వచ్చి వంగి, చాలా మెత్తగా, "నువ్వు పిలిస్తే వస్తాడమ్మా. పోయి ఆ చివర నిలబడు" అన్నాడు.

డాక్టరు చెప్పిందంతా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. బాట మధ్యలో బండ ఉందని తెలుసు. దాన్ని చుట్టి రావాలన్న ఆలోచన వాడికి రాదనీ తెలుసు. భయం వేసింది. కానీ అంతమంది మగవాళ్ళ మధ్యలో తాతయ్య నన్ను అడిగాడు. ఎవరివల్లా కానిది నావల్ల అవుతుందని అందరి ముందూ అడిగాడు. భయం కంటే గర్వం ఎక్కువైంది. ఆ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

వెళ్ళి నిలబడ్డాను. ఒకసారి పిలిచాను. వాడు తలెత్తి, నేనెక్కడున్నానో చూశాడు. అక్కడితో ఊరుకోవచ్చు. రాలేదు తాతయ్యా అని వెనక్కి వచ్చేయవచ్చు. రెండు చేతులూ చాచి మళ్ళీ పిలిచాను.

వాడు కూర్చుని, కాసేపు ఆగి, లేచాడు. తర్వాత పరుగెత్తాడు. అంత అందమైన పరుగు నేను మళ్ళీ చూడలేదు. చెవులు వెనక్కి పడి, దుమ్ము లేపుకుంటూ, నోరు తెరుచుకుని వచ్చాడు. జనం ఈలలు వేశారు. బండ దగ్గరికి రాగానే ఎగిరి దూకాడు. ముందుకాళ్ళు నేలకు తగిలినప్పుడు ఎండిన పత్తికట్టె విరిగినట్టు చప్పుడు వినపడింది. వాడు దొర్లిపోయాడు. ఈలలు ఆగిపోయాయి. మా అందరికంటే ముందు వాడే లేచాడు. ఒక కాలు వేలాడుతుండగా, మిగతా మూడు కాళ్ళ మీద నా దాకా వచ్చాడు. పిలిచాను కదా. వచ్చి నా పాదాల మీద తల పెట్టి పడుకున్నాడు.

నలుగురు కలిసి నులకమంచం మీద ఇంటికి మోశారు. మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి చూశాడు. కాలు అతికే చోట విరగలేదట. ఇంత బరువు మూడు కాళ్ళ మీద నిలవదని, రెండో ముందుకాలు కూడా అప్పటికే వంకరపోతోందని బాబాయికి చెప్పాడు. ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను లోపలికి తీసుకెళ్ళమని నాయనమ్మతో చెప్పి సంచిలోంచి సూదిమందు తీశాడు. తాతయ్య ఆ రోజంతా కొట్టంలో ఎడ్ల మధ్యనే ఉన్నాడు, అన్నానికి కూడా రాలేదు.

ఆయనకు బాధ లేదని నేను అనను. కానీ వారం తర్వాత ఎవరో రైతు తన గిత్తను చూపించడానికి వచ్చి కుక్క ఏమైందని అడిగితే, నేను గుమ్మంలోనే ఉన్నాను. తాతయ్య గిత్త పెదవి మడుస్తూ, "మా మనవరాలు పిలిచింది. ఆగలేకపోయాడు. బండ మీద పడ్డాడు" అన్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. బాబాయి అక్కడే ఉండి నేల చూశాడు. నాయనమ్మ వంటింట్లో చేస్తున్న పని ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత ఊళ్ళో అందరూ ఆ మాటే అన్నారు. బళ్ళో పిల్లలూ అదే అన్నారు. తాతయ్య చూసిన పళ్ళ సంగతి, పొద్దుటి నవ్వు సంగతి ఎవరికీ గుర్తులేవు. ఆయన మాట మీద పశువులు చేతులు మారుతూనే ఉన్నాయి.

ఆ నెలలోనే ఆయన గుంటూరు నుంచి నాకు ఎర్ర పట్టు రిబ్బన్లు తెచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ తేలేదు. నేను తీసుకున్నాను. కట్టుకుని బడికి కూడా వెళ్ళాను. మా ఇద్దరి మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు. నేను కాలేజీలో చేరిన ఏడాది ఆయన పోయాడు. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్నప్పుడల్లా ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూశాను. తప్పు నీది కాదమ్మా, నాదే అని ఒక్కసారి అంటే చాలనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, పరీక్షలు ఎప్పుడని అడిగేవాడు.

పెద్ద ఒళ్ళు చూసి పెద్దవాళ్ళనుకోకూడదని ఆ డాక్టరు నేర్పాడు. అది నాకు బాగానే ఒంటబట్టింది. నేను మోస్తున్నది మాత్రం అది కాదు. ప్రేమ ఉన్నచోట పిలుపు ఎంత బలమైనదో, ఆ బలాన్ని ఇంకొకరి పరువు కోసం ఎంత తేలిగ్గా వాడుకోవచ్చో, చివరికి ఆ తప్పు పిలిచిన గొంతు మీదే ఎలా మిగులుతుందో ఆ సాయంత్రం చూశాను.

మా బాబుకు ఇప్పుడు పదకొండో నెల. వయసుకు మించిన ఒళ్ళు. చూసినవాళ్ళందరూ ఏడాదిన్నర పిల్లాడనుకుంటారు, ఇంకా నడవట్లేదేమని అడుగుతారు. సాయంత్రం మా అత్తగారు, ఆడపడుచులు గది అవతలి గోడ దగ్గర కూర్చుని, చేతులు చాచి, దా నాన్నా దా అని పిలుస్తారు. వాడు మంచం కోడు పట్టుకుని వణుకుతూ నిలబడి, అందరి ముఖాలూ చూసి, చివరికి నా వైపు తిరుగుతాడు. నువ్వు పిలువమ్మా, నీ దగ్గరికైతే వస్తాడు అంటారు వాళ్ళు. పిల్లాడిని నడవనివ్వవా అని మా ఆయన నవ్వుతాడు. నేనిలా పిలవకపోవడం వాడికి మంచిది కాదని నాకూ తెలుసు. పిల్లలు అలాగే నడక నేర్చుకుంటారనీ తెలుసు. అయినా నా గొంతు రాదు, చేతులు లేవవు. నేనే లేచి, గది దాటి, వాడున్న చోటికి వెళ్తాను.