పుర్రె బొమ్మకు రంగు

ఏటా పర్యావరణ దినానికి ముందురోజు కాపర్‌బెక్ రంగు డబ్బా పట్టుకుని కొండెక్కుతాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్ల ఉన్నిటోపీ, మడమలరిగిన బూట్లు. యురేనియం గని చెత్తను పాతిపెట్టిన వాలులో ఒక ఇనుప పలక ఉంది. దానిమీది పుర్రె బొమ్మకు కళ్లు దిద్ది, పళ్లు దిద్ది, అక్కణ్నుంచి ఏటిదాకా అడుగులు లెక్కపెడతాడు. మొదటి ఏడాది అరవై వచ్చాయి. నిరుడు ముప్ఫై. ఈసారి పదమూడో అడుగుకే బూటు తడిసింది. దిగువన ఊరి కొళాయిల్లో వచ్చేవి ఆ ఏటి నీళ్లే.

మర్నాడు బడిపిల్లలు పాడాక అధికారిణి సైరాగుల్ మైకు అందుకుంది. "యాభై ఏళ్ల కిందట దేశాలన్నీ కూచుని, మనిషికి మతిమరుపెక్కువని ఈ రోజు పెట్టుకున్నాయి," అంది. ఆ రోజుల్లోనే లారీ తోలి ఆ చెత్తను ఇక్కడ పోసినవాడు కాపర్‌బెక్. అతను తలవంచుకుని గోళ్లలోని రంగు గీక్కుంటున్నాడు.

కొండెక్కి పలక పక్కన ఫొటోకు నిలబడే వేళకు ఆమె మొహం చిట్లించింది. "పెద్దాయనా, పలక ఇంత కిందికి పాతారేంటి?"

"నేను పాతినచోటే ఉందమ్మా. కొండే దిగొస్తోంది."

"బాగుంది! మీ ఊళ్లో కొండలక్కూడా కాళ్లొచ్చాయా?"

అందరూ నవ్వారు. ఫొటో తీసుకున్నారు.

"వచ్చే ఏడు కూడా రంగు మీరే వెయ్యాలి," అంది కారెక్కుతూ.

"వేస్తానమ్మా. ఈతొచ్చినవాణ్ణి ఒకణ్ణి తోడివ్వండి."