మా అరుగు మీద పునుగుల పూట

మొన్న పొద్దున సరిగ్గా పాలు పొంగే వేళకి ఫోను మోగింది. ఎవరో అమ్మాయి. "మేడమ్, మీకు యాభై వేల లోను శాంక్షన్ అయింది. ఓకే అంటే రెండు నిమిషాల్లో మీ అకౌంట్లో పడిపోద్ది" అంది. నేను అడగలేదే అన్నాను. అడక్కపోయినా ఇస్తారట. వడ్డీ ఎంత, నెలకా వారానికా అని ఆరా తీస్తే అవన్నీ మెసేజీలో వస్తాయంది. "సరేనమ్మా, నేను కట్టకపోతే ఎవరొచ్చి కూర్చుంటారు?" అని అడిగాను. పాపం, ఆ పిల్లకి అర్థం కాలేదు. "ఎవరూ రారు మేడమ్, అంతా ఫోన్లోనే" అంది. ఫోను పెట్టేసేసరికి పాలు సగం పొయ్యి మీద ఉన్నాయి. పొయ్యి తుడుస్తుంటే నందిగామలో మా పాత ఇంటి అరుగు, దాని మీద మఠం వేసుకుని కూర్చున్న ఆడవాళ్లు కళ్ల ముందుకొచ్చారు.

ఇరవై ఏళ్ల పైమాట. అప్పటిదాకా మా వీధిలో చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్లకి అప్పంటే పొద్దున తొంభై పుచ్చుకుని సాయంత్రం వంద కట్టడమే. కూరల బుట్ట దింపకముందే ఆ పది రూపాయలు పోయేవి. అలాంటి రోజుల్లో ఒక కంపెనీ వాళ్లు వచ్చి, పదిమంది గ్రూపు కడితే హామీ లేకుండా అప్పిస్తామన్నారు. వారం వారం కట్టాలి. తొమ్మిదిమంది పోగయ్యారు. పదో మనిషి కోసం నన్ను పట్టుకున్నారు. నాకు అప్పుతో పనిలేదు కానీ లెక్క తప్పనని వీధిలో పేరుంది, పైగా అరుగు వెడల్పు. అప్పడాల వ్యాపారమని రాయించి నేనూ తీసుకున్నాను, నిజంగానే అప్పడాలు చేసి అమ్మాను కూడా. మిగతావాళ్లలో అందరూ రాయించిన పనికే పెట్టారని చెప్పను. ఒకావిడ కుట్టు మిషను కొంది, ఇంకొకావిడ మిషను పేరు చెప్పి సీలింగు ఫ్యాను కొంది. అడిగితే, "చల్లగా ఉంటే చెయ్యి ఆడుద్ది కదండీ" అంది. ఫ్యానుకింద కూర్చుని విస్తళ్లు కుట్టిన మాట నిజమే కాబట్టి నేను ఊరుకున్నాను.

ప్రతి బుధవారం పొద్దున ఏడింటికి వత్సవాయి నుంచి మోటారు సైకిలు మీద కలెక్షన్ సారు వచ్చేవాడు. ముప్పై ఏళ్లుంటాయి, ఎప్పుడూ చెమటతో తడిసిన చొక్కా. రాగానే అందరం చెయ్యి ముందుకు చాచి, ఎవరు కట్టలేకపోయినా మిగిలినవాళ్లం కడతామని ప్రమాణం చేసేవాళ్లం. మా ఆయన కిటికీలోంచి చూసి "మీ అసెంబ్లీ మొదలైందా?" అనేవారు. గాజులమ్మే బీబీ ప్రమాణం ప్రతిసారీ సగంలో మర్చిపోయి, "మిగతాది అక్కయ్య చెప్పిందే నాదీను" అని నా వైపు చెయ్యి చూపించేది. కంపెనీ షరతు ఒకటే. పదిమంది డబ్బూ చేరితేనే ఆయన ముడతాడు. ఒక్కరిది తగ్గినా తొమ్మిదిమందిదీ తీసుకోడు, ఎవర్నీ లేవనివ్వడు.

మా పక్కింట్లో ఇడ్లీలమ్మే అమ్మాయి ఉండేది, తనదీ మా గ్రూపే. నన్ను అత్తయ్యగారూ అనేది, అందుకని నాకు కోడలు. భర్త ముక్త్యాల సిమెంటు లారీ మీద డ్రైవరు. ఆ ఎండాకాలం అతనికి కామెర్లు వచ్చి నెలరోజులుగా మంచం మీద ఉన్నాడు. ఆ బుధవారం కోడలు రాలేదు. తలుపు లోపల గడియ పెట్టుంది. వారం కట్టాల్సిన రెండు వందల అరవై రూపాయలూ మందుల షాపుకి పోయాయని మాకందరికీ తెలుసు.

ఎనిమిదయింది, తొమ్మిదయింది. సారు గడియారం చూసుకుని, "ఇలా కాదమ్మా, పదండి, అందరం వెళ్లి ఆవిడ గుమ్మం ముందు కూర్చుందాం. సిగ్గేసి అదే బయటికొస్తది" అన్నాడు. ఇతర వీధుల్లో అది జరుగుతూనే ఉంది. కీసరలో అలా కూర్చున్న మర్నాడు ఒక కుటుంబం ఊరే వదిలి వెళ్లిపోయిందని విన్నాం. గుమ్మం ముందు పదిమంది కూర్చున్న ఇంటికి ఆ తర్వాత కిరాణా కొట్లో మినప్పప్పు అరువు పుట్టదు. కోడలి ఇడ్లీల బండి అంతటితో సరి.

బీబీ కదల్లేదు. "మేం అప్పు తీసుకుంది యాపారానికి సారూ, ధర్నాకి కాదు. కూర్చోమంటే ఇక్కడే కూర్చుంటాం" అంది.

"నాలుగింటిలోపు బ్రాంచిలో కట్టకపోతే నా జీతంలో కోస్తారమ్మా."

"అయితే నువ్వూ కూర్చో. గాజులు చూస్తావా, ఇంట్లో ఆవిడకి?"

అందరూ నవ్వారు, తర్వాత ఒక్కొక్కరే నా వైపు చూడటం మొదలుపెట్టారు. బియ్యం డబ్బాలో నా దగ్గర అంతకు రెట్టింపు ఉందని వాళ్లకి తెలుసు. నేను కట్టనని చెప్పేశాను. ఇవాళ ఒకరికి కడితే వచ్చే వారం ఇద్దరికి కట్టాలి, పైనెల గ్రూపంతా నా మీదే నడుస్తుంది. ఆ మాట ఇప్పటికీ సరైనదే అంటాను.

పదకొండింటికి బీబీ పెరటి గోడ మీంచి తొంగిచూసి వచ్చింది. "ఇంట్లోనే ఉందక్కయ్యా. ఏడుస్తా కూచుంది. రాత్రి రుబ్బిన పిండి మాత్రం గిన్నె దాటి కారిపోతోంది" అంది. అది విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. అప్పు వారం ఆగుతుందేమో గానీ ఆ ఎండలో పిండి గంట కూడా ఆగదు. వెళ్లి తలుపు కొట్టాను.

"నా మొహం ఎవరికీ చూపించలేనత్తయ్యగారూ" అంది లోపల్నించి.

"నీ మొహం ఎవరిక్కావాలే? పిండి గిన్నె తీసుకురా."

ఇడ్లీకి పనికిరాకుండా పులిసిన పిండి పునుగులకి భేషుగ్గా ఉంటుంది. మా అరుగు మీదికి నా కిరసనాయిలు పొయ్యి, మూకుడు తెచ్చాను. నూనె డబ్బా కూడా తెచ్చి, ఎంత వాడితే అంత కొలిచి తిరిగివ్వాలని ముందే చెప్పాను. బీబీ ఉల్లిపాయలు తరిగింది. కుట్టు మిషనావిడ పాత పేపర్లు చింపి పొట్లాలు చుట్టింది. కోడలు మొదటి వాయికి తలెత్తలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, పిండి కొంచెం కొంచెంగా వేళ్లమధ్య నుంచి నూనెలోకి జార్చింది. జీలకర్ర వాసన వీధి చివరిదాకా వెళ్లింది. కోర్టు నుంచి వచ్చేవాళ్లు ఆగారు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు వచ్చారు. ప్లేటు ఐదు రూపాయలు. రెండో వాయికి సారు లేచి జేబులోంచి పది కాగితం తీశాడు. మూడో వాయికి తనే రోడ్డు మీద నిలబడి, "వేడివేడి పునుగులండీ" అని లారీలవాళ్లని కేకేస్తున్నాడు. కిటికీలోంచి మా ఆయన మూడు ప్లేట్లు కొన్నారు. అది నాకు సాయంత్రం దాకా తెలియనివ్వలేదు.

రెండున్నరకి పిండి గిన్నె అడుగంటింది. చిల్లర పోసి లెక్కపెట్టాను. రెండు వందల యాభై ఐదు. చివరి ప్లేటు మూకుడు పక్కన మిగిలి ఉంది, రోడ్డు మీద మనిషి లేడు. అందరూ మళ్లీ నా వైపే చూశారు. నేను వీధిలో అమ్మే తిండి అంతవరకు ముట్టి ఎరగను. లోపలికి వెళ్లి ఐదు రూపాయల బిళ్ల తెచ్చి కోడలి చేతిలో పెట్టాను. ఇది సాయం కాదు, కొనుక్కోవడం అని కూడా చెప్పాను. ప్లేటుకి ఎనిమిదైతే నాకు తొమ్మిది పెట్టింది. ఒకటి తీసి వెనక్కిచ్చేశాను. అప్పుడు నవ్వింది కోడలు, ఆ రోజుకి మొదటిసారి. నా నూనెతో వేగినవి నేనే కొనుక్కుతిన్నాను. ఉప్పు కాస్త తగ్గిందని చెప్పాను కూడా.

అంతా అలాగే సాగిందని అనను. తర్వాత నాలుగు కంపెనీలు దిగాయి. ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టడంలో కుట్టు మిషనావిడ మిషను అమ్ముకుంది, గ్రూపు చెదిరిపోయింది. కోడలు మాత్రం ఇడ్లీలతో పాటు సాయంత్రం పునుగులు వేయడం మొదలుపెట్టింది. భర్త కోలుకున్నాక జగ్గయ్యపేట వెళ్లి బస్టాండు దగ్గర కొట్టు పెట్టుకుంది. ఇప్పుడు అక్కడ ఎవరైనా ఫోన్లోంచి కడితే, డబ్బు పడిందని ఒక డబ్బా పెద్దగా అరిచి చెబుతుంది. నేను వెళితే మాత్రం చిల్లరే తీసుకుంటుంది, తొమ్మిదే పెడుతుంది. ఇప్పుడు వెనక్కివ్వడం మానేశాను.

ఫోనులో ఆ అమ్మాయి రెండు నిమిషాలంది. అంత త్వరగా పని అయిపోతే మిగిలిన కాలం ఏం చేసుకుంటారో నాకు తెలియదు. నా బతుకులో ఎన్నో ఏళ్లు ఎటు ఖర్చయ్యాయో లెక్క తేలదు. ఆ బుధవారం ఏడింటి నుంచి రెండున్నర దాకా అరుగు మీద గడిచిన పూట మాత్రం ఇంకా నిల్వలోనే ఉంది.