అడ్డం పెట్టిన చెయ్యి

నేను రాజాంలో మా నాన్న బట్టల కొట్టులో పెరిగినదాన్ని. బడిలో నేర్చుకున్నదేమిటో చెప్పలేను గానీ, కొట్టులో నాన్న చెప్పిన పాఠం ఒకటి మాత్రం పోలేదు. చీర పరిచేటప్పుడు అమ్మేవాడి అరచెయ్యి ఎక్కడ ఆగితే డ్యామేజీ అక్కడ ఉంటుంది. పెళ్లయి విజయనగరం వచ్చాక ఆ పాఠంతో కూరగాయలవాళ్లనూ ఆటోవాళ్లనూ చివరికి మా ఆయననూ విసిగించాను.

అయిదో నెలలో స్కానింగుకి వెళ్లాం. డాక్టరమ్మ తెర చూస్తూ, "అంతా బాగుంది. బిడ్డ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, పెదవి కనబడటం లేదు. రెండు వారాలాగి రండి" అంది. ఇది మామూలేనని కూడా అంది. ఆ ముక్క నా చెవికెక్కలేదు. చెయ్యి అడ్డం ఉందంటే దాని కింద ఏదో ఉన్నట్టే. పెదవి చీలి పుట్టే గ్రహణం మొర్రి గురించి భయపెట్టే కబుర్లు చిన్నప్పటినుంచీ విన్నవే.

ఆ వారంలోనే ఇంట్లోవాళ్ల తీరు మారింది. ఫోనొస్తే మా ఆయన మేడెక్కి మాట్లాడేవాడు. వీడియో కాల్‌లో రోజూ వంటిల్లంతా చూపించే అమ్మ ఫోను మొహానికి ఆనించుకునేది. వెనక గోడ కూడా కనబడేది కాదు. నాన్నేడంటే కొట్టులో ఉన్నాడనేది. ఇంకేముంది, డాక్టరమ్మ వీళ్లకి చెప్పేసింది, నా దగ్గర దాస్తున్నారు అని తేల్చుకున్నాను. అన్నం సహించలేదు, కంటిమీద కునుకు లేదు. నేనిలా దిగులుపడితే బిడ్డకి ఇంకేమవుతుందోనని దానిమీద మరో దిగులు. ఒకటి కొంటే ఒకటి ఉచితం.

బేరంలో ఆఖరి ఎత్తు కొట్టు మెట్లు దిగిపోవడం. ఓ పొద్దున్న అమ్మకి ఫోన్ చేసి అదే ఎత్తు వేశాను.

"నాకంతా తెలిసిపోయింది. మీరింకేం చెప్పక్కర్లేదు, పెట్టేస్తన్నాను."

"ఆగే. ఎవులు సెప్పారు నీకు, మీ ఆయనేనా? మీ నాన్నకి ఇప్పుడు బాగానే ఉన్నాదే. పక్షవాతం పెద్దది కాదన్నారు. ఎడం సెయ్యే ఇంకా లేవట్లేదు. కడుపుతో ఉన్నదానివి, బెంగెట్టుకుంటే బిడ్డకేటవుతాదోనని సెప్పనేదు."

మావాళ్ల పద్ధతి అంత. కడుపుతో ఉన్నదాని చెవిన చావు కబురు కూడా కాన్పయ్యేదాకా వెయ్యరు. నేను అడిగిన సరుకు ఒకటి, చేతికొచ్చింది మరొకటి. బిడ్డ గురించి కాదు కదా అని ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాతే నాన్న గుర్తొచ్చాడు. ఆ వరస నాకే నచ్చలేదు.

ఆ మధ్యాహ్నమే మా ఆయనతో రాజాం వెళ్లాను. నాన్న మంచం మీద ఉన్నాడు. ఎడం చెయ్యి దుప్పటి కింద ఉంది. దాన్ని బయటికి తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను.

"దాస్తే నాకు తెలీదనుకున్నావేటి?"

నాన్న ఆ మాట పట్టించుకోలేదు. "డాక్టరమ్మ ఏటన్నాది?" అన్నాడు. మాట కాస్త ముద్దగా వచ్చింది.

"బిడ్డ చెయ్యి అడ్డం పెట్టుకున్నాదట. పెదవి కనబళ్లేదట."

"మన బిడ్డేనే. బేరం కుదరందే మడత ఇప్పదు."

అన్ని రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

రెండో స్కానింగులో డాక్టరమ్మతో ఏదీ దాచలేదు. ఆవిడ అంతా విని, "పెదవి మొదటి మూడు నెలల్లోనే ఏర్పడిపోతుందమ్మా. నువ్విప్పుడు పడ్డ దిగులుకి అది చీలదు. కానీ తినకుండా, నిద్రపోకుండా ఉంటే నీకూ బిడ్డకూ మంచిది కాదు. ఈసారి భయమేస్తే నాకు చెప్పు" అంది. నన్ను ఓ పక్కకి ఒత్తిగిలమంది. కాసేపటికి తెరమీద చిన్న చెయ్యి మెల్లగా పక్కకి జరిగింది. దాని కింద పెదవి నిండుగా ఉంది.

బయటికొచ్చి వీడియో కాల్ చేశాను. అమ్మ ఈసారి ఫోను దూరంగా పట్టుకుంది. గోడ, కిటికీ, మంచం అన్నీ కనబడ్డాయి. నాన్న ఎడం చెయ్యి దుప్పటి మీద ఉంది.