మూటలక్క వెనక్కి పంపిన లారీ

ఆమెకు రోత తొందరగా పుడుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరైనా వేలు నాలిక మీద తడి చేసుకుని పుస్తకం పేజీ తిప్పారంటే, ఆ పుస్తకాన్ని ఇక జన్మలో ముట్టుకునేది కాదు. తండ్రి దర్జీ. బట్టని ముక్కు దగ్గర పెట్టుకుని అది కొత్తదో, ఉతికిందో, పెట్టెలో ఎన్నాళ్ళు మగ్గిందో చెప్పేవాడు. ఆ ముక్కు కూతురికి వచ్చింది. "ఈ పిల్ల సంసారం ఎలా చేస్తుందో ఏమో" అని తల్లి దిగులుపడేది.

అలాంటి మనిషి ఇరవయ్యారేళ్ళు ఊరివాళ్ళు విడిచిన బట్టల మధ్యే బతికింది.

ఇరవై రెండేళ్ళప్పుడు సహాయ సంఘంలో ఉద్యోగం దొరికింది. వరదొచ్చినా, ఇళ్ళు కాలినా, రెండు పేటలు కొట్టుకున్నా ఆ సంఘం వాళ్ళు వెళ్ళి శిబిరం పెడతారు, దుప్పట్లిస్తారు, ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ మాట్లాడతారు. ఆమెను మొదట గోడౌన్‌లో వేశారు. దానంగా వచ్చిన బట్టల మూటలు విప్పి, ఏరి, సర్దడం పని. మొదటి రోజు మొదటి మూట విప్పగానే చెమటకి అట్టకట్టిన మేజోళ్ళు గుప్పెడు ఒళ్ళో పడ్డాయి. పరిగెత్తుకెళ్ళి గోడ పక్కన వాంతి చేసుకుంది. గోడౌన్ చూసుకునే ముసలాయన నీళ్ళ చెంబు అందిస్తూ, "అలవాటైపోతుందమ్మా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఇచ్చినవాళ్ళని ఏమీ అనకూడదు" అన్నాడు.

ముక్కుకి ఎన్నేళ్ళకీ అలవాటు కాలేదు గాని, నోటికి అలవాటైంది. లోపల ఎంత దేవినా పైకి "చాలా సంతోషమండీ, దేవుడు చల్లగా చూస్తాడు" అనేది. అందరూ ఆమెని మూటలక్క అనడం మొదలుపెట్టారు.

పనిలో మాత్రం ఆమెకు సాటి లేరు. శిబిరంలో అడుగుపెట్టి కుళాయిల దగ్గర ఒక్క క్షణం నిలబడితే చాలు, ఇక్కడ మరుగుదొడ్లు చాలవు, ఇంకో నాలుగు రోజుల్లో విరేచనాలు మొదలవుతాయి అని చెప్పేసేది. అలాగే అయ్యేది. తగువుపడ్డ వీధుల్లోకి పోలీసులకన్నా ముందు వెళ్ళేది. శాంతి అన్న మాట ఎత్తితే జనం తలుపులు మూసుకుంటారని ఆమెకి అనుభవం మీద తెలిసింది. అందుకని గుమ్మంలో నిలబడి, "మీ ఇంట్లో రోజూ మాత్రలు వేసుకోవాల్సిన వాళ్ళెవరైనా ఉన్నారా? ఎన్ని మిగిలాయి?" అని అడిగేది. ఎంత కోపంలో ఉన్నవాడైనా తల్లి మాత్రల లెక్క చెప్పడానికి తలుపు తీస్తాడు. అక్కణ్ణుంచి మాట కలిసేది. అలా గోడౌన్ నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి శిబిరాల పెత్తనానికి ఎదిగి, నలభయ్యో ఏట సంఘం కార్యదర్శి అయింది.

సంఘానికి అధ్యక్షుడొకాయన ఉండేవాడు. పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. గొంతు గంభీరంగా ఉంటుంది, మైకు కనిపిస్తే వదలడు. శిబిరంలోకి వచ్చేటప్పుడు సెంటు రాసిన చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాడు. కెమెరా కనబడగానే దాన్ని జేబులోకి దోపేసి దగ్గర్లో ఉన్న పిల్ల తల నిమిరేవాడు. తర్వాత కారులో కూర్చుని ఆ చెయ్యి తుడుచుకునేవాడు. పక్కసీట్లో కూర్చున్న మూటలక్క కిటికీలోంచి బయటికి చూసేది. ఆయన ఏటా సభలో చదివేది ఒకటే: ఈ ఏడాది ఎన్ని టన్నుల బట్టలు పంచాం అని. బట్టలు ఎలాంటివో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ యేడు పైవీధికీ కిందవీధికీ గొడవ వచ్చింది. మలుపులో ఒక లారీ వెనక్కి పోతూ గోడని గుద్దింది. గోడ ఎవరిది, కట్టించాల్సింది ఎవరు అన్న దగ్గర మాట పెరిగి, సాయంత్రానికి చెరో పన్నెండు ఇళ్ళు తగలబడ్డాయి. రెండు వీధుల జనాన్నీ సెలవుల్లో ఉన్న ఒకే బడిలో పెట్టాల్సి వచ్చింది. వేరే చోటు లేదు. వరండాకి మధ్యలో తాడు కట్టారు. తాడుకి ఇటు పైవీధి, అటు కిందవీధి. కుళాయి దగ్గరికి వంతులు. మూటలక్క పది రోజులు అక్కడే మకాం వేసింది.

పదకొండో రోజు అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "ఆదివారం వస్తున్నానమ్మా. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు తమ ఉద్యోగుల దగ్గర బట్టలు సేకరించి లారీ నిండా పంపుతున్నారు. కంపెనీ పెద్దాయన కూడా వస్తాడు. ఇరువీధుల పెద్దల చేత చేతులు కలిపించి, అదే వేదిక మీద బట్టలు పంచేద్దాం."

శుక్రవారం లారీ వచ్చింది. శనివారం పొద్దున్న ఆమె బడి హాల్లో మూటలు దింపించి, ఏరడానికి రమ్మని రెండు వైపులా ఆడవాళ్ళకి కబురు పెట్టింది. అవతలివాళ్ళుంటే మేం రామని ఇటు, ఇవతలివాళ్ళుంటే మేం రామని అటు. చివరికి ఇద్దరొచ్చారు. పైవీధిలో ఇస్త్రీ కొట్టు పెట్టుకున్న ఆవిడ ఒకరు, కిందవీధి నుంచి హాస్టల్లో వంట చేసే ఆవిడ ఇంకొకరు. ఇద్దరూ హాలుకి చెరో మూల ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

మూటలక్క మొదటి మూట తాడు కోసింది. వాసన గుప్పున కొట్టింది. తడి, బూజు, ఎవరి ఒంటిదో పాత చెమట. పైన నాలుగు మంచి చొక్కాలు పేర్చి ఉన్నాయి. కింద చంకల్లో పచ్చగా అట్టకట్టిన బనీన్లు. ఒంటికాలి బూటు. రక్తం మరక ఆరిపోయిన పక్కదుప్పటి. పసిపిల్ల గౌన్లలో ఎలుక చచ్చి అతుక్కుపోయి ఉంది.

వంటావిడ రెండు వేళ్ళతో ఒక మగ చెడ్డీని పైకెత్తింది. ఎలాస్టిక్ ఊడి, వెనక చిల్లి, చుట్టూ పచ్చటి మరక. "ఛీ ఛీ! ఇదేం పొయ్యేకాలం! దీన్ని ఇంటి వాకిట్లో వేసుకుని కాళ్ళు తుడుచుకోడానికి కూడా మనసొప్పదే" అంది గాల్లోకి చూస్తూ.

అవతలి మూల నుంచి ఇస్త్రీ ఆవిడ ఆగలేకపోయింది. "ఆ మరక ఉతికినా పోదు. మూడేళ్ళ నాటిది. నాకు తెలుసు."

"నీకు తెలుసులే, ఊరందరి మురికీ నీ దగ్గరికే కదా వచ్చేది."

"అవును, మీ వీధి వాళ్ళదీ వచ్చింది. ఎవరివి ఎలా ఉంటాయో విప్పమంటావా?"

ఇద్దరూ ఒకరినొకరు కొరకొరా చూసుకున్నారు. అంతలో వంటావిడకి ఎందుకో నవ్వు ఆగలేదు. ఇస్త్రీ ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులు విని ఒక్కొక్కరే వచ్చి చేరి, మధ్యాహ్నానికి హాల్లో ఇరవై మంది ఆడవాళ్ళయ్యారు. రెండు వీధుల వాళ్ళూ ఒకే గుట్ట చుట్టూ కూర్చుని, ఒక్కో బట్ట పైకెత్తి, దాన్ని పంపిన పుణ్యాత్ముల్ని నోరారా తిట్టారు. శాంతి సభల్లో ఇన్నేళ్ళుగా మూటలక్క అంత సఖ్యత చూడలేదు. కానీ ఆమెకి సంతోషం కలగలేదు. మనుషుల్ని కలపడానికి ఇంత కంపు కావలసి వచ్చిందా అనిపించింది.

అప్పుడే వంటావిడ తల తిప్పి గోడ మీది బోర్డు చదివింది. సంఘం ఏ శిబిరం పెట్టినా ఆ బోర్డు వెంట వస్తుంది. "ఇచ్చింది తీసుకోవలెను. ఎంచరాదు. దాతలకు కృతజ్ఞత తెలుపవలెను."

"ఈ ముక్కలు రాసిన మహానుభావుడెవరో గాని, ముందు వాడికి తొడగాలి ఈ చెడ్డీ" అంది. అందరూ గొల్లుమన్నారు.

"నేనే రాశాను" అంది మూటలక్క.

వంటావిడ చేతిలో చెడ్డీని మెల్లగా గుట్టలోకి జారవిడిచింది.

నిజమే, పదిహేనేళ్ళ క్రితం ఆమే రాసింది. వరుసలో తోపులాట ఎక్కువైందని, పని తొందరగా తెమలాలని. ఆ బోర్డు వైపు చూస్తుంటే ఒక ముసలాయన గుర్తొచ్చాడు. ఏదో వరదలో ఆయనకి కోటిచ్చింది. ఆయన దాన్ని మడిచి వెనక్కి తెచ్చి, "అమ్మా, దీంట్లో ఎవరో రోగంతో పోయినట్టున్నారు, వాసనేస్తోంది" అన్నాడు. ఆ వాసన ఆమెకీ తెలుసు, ఆయనకన్నా బాగా తెలుసు. తెలిసే, "చలికి వాసనతో పనేముంది తాతా, తొడుక్కో" అంది. ఆయన ఆమె ఎదుటే తొడుక్కున్నాడు. బొత్తాలు కూడా పెట్టుకున్నాడు.

గోడౌన్ గోడ పక్కన చేసుకున్న వాంతి కన్నా ఈ రోత వేరు. ఇది బయటికి వచ్చేది కాదు. అధ్యక్షుడి చేతిరుమాలు చూసి ఇన్నేళ్ళూ అసహ్యించుకుంది గాని, తనకీ ఆయనకీ తేడా చేతిరుమాలొక్కటే అనిపించింది. ఆయన ముక్కు మూసుకున్నాడు, తను నోరు మూసుకుంది.

"సరేలే అక్కా" అంది ఇస్త్రీ ఆవిడ, ఈసారి మెత్తగా. "రాసినావిడవి నువ్వే అయితే తుడిచేదీ నువ్వే. తర్వాతేం చేద్దామో చెప్పు."

ఆదివారం పది గంటలకి అధ్యక్షుడు, కంపెనీ పెద్దాయన, ఫోటోగ్రాఫరు దిగారు. ముందు రెండు వీధుల పెద్దల చేత చేతులు కలిపించారు. "ఇంకొక్కసారి, కాస్త నవ్వుతూ" అని ఫోటోగ్రాఫరు ఐదుసార్లు కలిపించాడు. అయిపోగానే ఒకాయన అరచెయ్యి ప్యాంటుకి రాసుకున్నాడు. రెండో ఆయన పక్కకెళ్ళి ఉమ్మేశాడు.

"బట్టలేవమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"లారీలో ఉన్నాయండీ. బయల్దేరడానికి సిద్ధంగా."

"ఎక్కడికి?"

"ఎవరివి వాళ్ళకి. ప్రతి మూట మీదా పంపిన ఆఫీసు చీటీ ఉంది. నాలుగు మంచివి వస్తే ఉంచుకున్నాం, వాటికి రసీదు రాసి పెట్టాను."

అధ్యక్షుడు గొంతు తగ్గించాడు. "నీకేమైనా మతిపోయిందా? అవసరంలో ఉన్నవాళ్ళకి ఏదైనా ఒకటే కదా!"

కంపెనీ పెద్దాయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మా వాళ్ళు ఎంతో ప్రేమతో ఇచ్చారండీ."

ఇస్త్రీ ఆవిడ ముందుకొచ్చింది. చేతిలో చంకల కింద పచ్చబడ్డ చొక్కా ఒకటుంది. "అయితే ఒక్కటి తొడుక్కోండి బాబూ. మీ కొలతే. కావాలంటే ఇస్త్రీ కూడా చేసిపెడతాను."

కంపెనీ పెద్దాయన అలవాటుకొద్దీ చెయ్యి చాపాడు. బట్ట దగ్గరికి రాగానే రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. ఇటు పది మంది, అటు పది మంది, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఫోటోగ్రాఫరు ఆ ఫోటో కూడా తీశాడు గాని, అది ఎక్కడా అచ్చు కాలేదు.

లారీ వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా కార్యవర్గం కూర్చుంది. కంపెనీకి క్షమాపణ రాయమన్నారు. "మనకి పేరొచ్చేది తూకం మీదమ్మా. ఆ లారీ ఒక్కటే ఆరు టన్నులు" అన్నాడు అధ్యక్షుడు, చంటిపిల్లకి చెప్పినట్టు. మూటలక్క కాగితం తీసుకుంది. రాసింది రాజీనామా.

సామాను సర్దుకోడానికి వెళ్ళిన రోజున ఆఫీసు గోడకి కొత్త ఫోటో పటం కట్టి ఉంది. ఇద్దరు వీధి పెద్దలు నవ్వుతూ చేతులు కలిపిన ఫోటో. కింద బంగారు రంగు అక్షరాల్లో శాంతి అని. ఆమె దాని కింద నిలబడలేక డ్రాయర్లో సగం సామాను వదిలేసి వచ్చేసింది.

భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. రాత్రి అన్నం దగ్గర ఆమె కెలుకుతూ కూర్చుంటే, "ఏమోయ్, ఇన్నేళ్ళూ మింగలేక కక్కలేక చచ్చావు. ఇప్పటికి కక్కావు. ఒంటికి మంచిదే కదా" అన్నాడు.

"నేను పెట్టింది తిన్నవాళ్ళ మాటేమిటండీ?" అంది. ఆయన మజ్జిగ గిన్నె ఆమె వైపు జరిపాడు. ఆమె కంచంలో నీళ్ళు పోసి లేచింది.

ఇళ్ళు బాగయ్యాక జనం వీధులకి తిరిగి వెళ్ళారు. మలుపులో గోడ మునుపటికన్నా రెండడుగులు ఎత్తు లేచింది. మగవాళ్ళు ఇప్పటికీ మాట్లాడుకోరు. ఇస్త్రీ ఆవిడా వంటావిడా మాత్రం సంతలో ఎదురైతే ఆగి ఒకరినొకరు నాలుగు తిట్టుకుని వెళతారు.

మూటలక్క మూడు నెలలు ఇంట్లో కూర్చుని, ఉండబట్టలేక డిపో వెనక రేకుల షెడ్డు ఒకటి అడిగి తీసుకుంది. బల్ల వేసింది. బట్టలివ్వడానికి ఎవరొచ్చినా మూట ఆ బల్ల మీద వాళ్ళ చేతులతోనే విప్పి చూపించాలి. తీసుకునేవాళ్ళు నచ్చింది ఏరుకుంటారు, నచ్చకపోతే వదిలేస్తారు. వచ్చిన దాతల్లో సగం మంది విప్పబోయి, మళ్ళీ ముడేసి తీసుకుపోతారు. ఈవిడకి ఒళ్ళంతా పొగరని వాడంతా చెప్పుకుంటారు. శనివారాలు ఇస్త్రీ ఆవిడ వచ్చి సాయం చేస్తుంది.

రెండేళ్ళ తర్వాత సంఘం వార్షికోత్సవానికి పిలుపొచ్చింది. వెళ్ళకూడదనే అనుకుంది. ఇస్త్రీ ఆవిడ, "పద అక్కా, ఏం వాగుతారో విందాం" అని లాక్కుపోయింది. మూడో వరసలో కూర్చున్నారు. అధ్యక్షుడు మైకు పట్టుకున్నాడు. "ఒకసారి మాకు మురికి బట్టలు లారీ నిండా వచ్చాయి. పేదవాడికీ ఆత్మగౌరవం ఉంటుంది, వెనక్కి పంపండి అని ఆ క్షణంలోనే ఆదేశించాను" అన్నాడు. గొంతు కాస్త వణికించాడు కూడా. హాలంతా చప్పట్లతో మోగింది. ముందు వరసలో కంపెనీ పెద్దాయన అందరికన్నా గట్టిగా కొడుతున్నాడు.

మూటలక్క లేచి జనం మోకాళ్ళు తొక్కుకుంటూ బయటికొచ్చింది. మెట్ల పక్కన కాలవ దగ్గర వంగి, వీధిలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. గట్టిగా ఉమ్మింది.

"లోపలికెళ్ళి నాలుగు దులిపి రానా?" అంది ఇస్త్రీ ఆవిడ, రవిక చేతులు పైకి మడుచుకుంటూ.

"వద్దు. వాళ్ళని ముట్టుకుంటే మనమే కడుక్కోవాలి" అంది మూటలక్క. "బస్సొస్తోంది, పద."