ఊపిరితిత్తుల డాక్టరుగారి గొంతు

సందు చివర క్లినిక్ నడిపే డాక్టరమ్మకు పెద్దాసుపత్రి ఊపిరితిత్తుల డాక్టరు గొంతు తెలుసు గానీ మొహం తెలియదు. ఏళ్ళ తరబడి వాళ్ళది ఫోను స్నేహం. "ఏంటి డాక్టరమ్మా, ఈసారి ఎవర్ని నా నెత్తిన పెడుతున్నారు?" అని ఆయన మొదలుపెట్టేవాడు. ఆమె రోగి దగ్గు సంగతే కాదు, అతని మొండితనం, పెళ్ళామంటే ఉన్న భయం కూడా చెప్పేది.

తర్వాత కబుర్లన్నీ కంప్యూటరుకెక్కాయి. "హాయి కదత్తయ్యా! మనిషి ఇల్లు చేరకముందే రిపోర్టు వచ్చేస్తోంది" అనేది పక్క గదిలో రోగుల్ని చూసే కోడలు. నిజమే. కాగితాలు పోవడం, గొలుసుకట్టు రాత అర్థంకాక తల పట్టుకోవడం తప్పాయి. డాక్టరమ్మ కాదనలేదు. అయినా ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలేసి అటు పరుగెత్తేది.

ఓసారి వీధి దర్జీని ఆ పెద్దాసుపత్రిలోనే చేర్చారు. ఆయనకు చెవుడు. వినపడకపోయినా అన్నిటికీ తలూపేస్తాడు. ఆ మాటే ఆమె ఊపిరితిత్తుల డాక్టరుకు రాసి పంపింది. "మీ సందేశం అందింది" అని జవాబు. మళ్ళీ రాసింది. మళ్ళీ అదే.

"ఫోన్ చేసి ఒక్క మాటంటే ముత్యాలు రాలిపోతాయా?" అని విసుక్కుని, మంచి చీర కట్టుకుని బస్సెక్కింది.

ఊపిరితిత్తుల డాక్టరు గదిలో ఓ కుర్ర డాక్టరున్నాడు. "సారా? రిటైరై ఏడాది దాటిందండీ. వెళ్ళేముందు అందరికీ మెసేజ్ పెట్టారే!"

రోజూ వచ్చిపడే వాటిలో అదెక్కడ కొట్టుకుపోయిందో! సందేశాల కింద విభాగం పేరే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆయనే అనుకుని "కులాసాయేనా?" అని కూడా రాసిందామె.

కుర్చీ లాక్కుని కూర్చుంది. వచ్చిన పని గుర్తుచేసుకుని దర్జీ సంగతి చెప్పింది. కుర్రవాడు వెంటనే లేచి ఆమెతో వార్డుకొచ్చాడు. ముసలాయన చెవి దగ్గర వంగి, "తాతా, మందులు పడుతున్నాయా?" అని గట్టిగా అడిగాడు.

దర్జీ తల అడ్డంగా ఊపాడు. "ఆ తెల్ల మాత్రేస్తే ఒళ్ళంతా దురద బాబూ."

మాత్ర మార్చారు.

"ఇకమీదట ఏదున్నా నాకే ఫోన్ చెయ్యండి మేడమ్" అంటూ కుర్రవాడు నంబరిచ్చాడు.

"మరి సార్ నంబరో?"

"ఊరు మారాక అదీ మార్చేశారండీ. మా దగ్గర లేదు."

తిరుగు బస్సులో ముందు సీట్లో ఎవరో పెద్దాయన ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని వింది. ఆ గొంతు కాదు. అయినా ఆయన దిగేదాకా వింటూనే కూర్చుంది.