బర్రె ముందు కూనిరాగం

దిష్టినో తాయెత్తునో భోజనానికి ముందొకసారి, తర్వాత ఒకసారి ఖండించనిదే నాకు నిద్రపట్టని వయసు అది. 1970ల్లో నయాపూల్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా కొత్తగా చేరాను. (జబ్బుపడ్డవాళ్లకు తమ పనులు తాము చేసుకోవడం మళ్లీ నేర్పే ఉద్యోగం. మా గల్లీలో మాత్రం "దవఖానల ఆటలాడిస్తడట" అనేవారు.) పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన పాల మామ నా దగ్గరికొచ్చాడు. మలక్‌పేట అవతల ఆయనకున్నది ఒకటే బర్రె. అది ఆయన్ను తప్ప ఎవర్నీ పొదుగు ముట్టనిచ్చేది కాదు, తన్నేది. అమ్మేద్దామని తమ్ముడి పోరు. నేను రబ్బరు గ్లౌజులో నీళ్లు నింపి, వేళ్ల కొనలకు సూదితో చిల్లులు పొడిచి, స్టాండుకు వేలాడదీసి పిండమన్నాను. మామ దాన్ని మర్యాదగా పట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు రాలేదు.

"పాట లేంది చెయ్యి ఆడదు సారూ. పిండేటప్పుడు ఊపిరి గుంజుకుంట కూనిరాగం తీస్త. ఇప్పుడు మూతి వంకరపోయె, ఎట్ల తియ్యాలె?"

రాగానికీ కండరానికీ సంబంధం లేదని అరగంట ఉపన్యసించాను. మామ శ్రద్ధగా విన్నాడు, గ్లౌజు కూడా. పక్కనే ఉన్న ఆయన భార్య అంది: "గంతసేపు మాట్లాడితివి గద బిడ్డా, గా ఊపిరితోని నువ్వే జర రాగం తియ్యరాదా?"

హేతువాది దేన్నీ పరీక్షించకుండా కొట్టిపారేయకూడదు. ఆమె మాట తప్పని రుజువు చేయడానికే రాగం తీశాను. మామ ఊపిరి నా రాగంతో కలిసింది, వేళ్లు ముడుచుకున్నాయి, నీళ్లు నా చొక్కా మీద చిమ్మాయి. ఆపితే ఆగాయి. తీస్తే చిమ్మాయి. అప్పుడే మా చర్చావేదిక కార్యదర్శి, మంత్రాలను ఖండించే సభకు నన్ను పిలవడానికి లోపలికొచ్చి, గ్లౌజు ముందు కళ్లు మూసుకుని రాగం తీస్తున్న తన ప్రధాన వక్తను చూశాడు.

"ఏంది భాయ్ ఇది?"

"శ్వాసలయతో కండరాలను సమన్వయం చేస్తున్నాను."

"మా నాయినమ్మ గూడ గిట్లనే దిష్టి తీస్తది," అని వెళ్లిపోయాడు. సభకు వేరే వక్త దొరికాడు.

బర్రెను కొనేవాడు వస్తాడన్న రోజు మామ కొట్టంలో కూర్చున్నాడు. మూతి ఇంకా సరికాలేదు గనక రాగం బాధ్యత నాదే. బర్రె వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. వాదించలేదు. బకెట్లో మొదటి ధార చప్పుడు వినగానే మామ భార్య కొంగుతో కళ్లొత్తుకుంది. తమ్ముడు బేరగాడితో, "పో భాయ్, అమ్మేది లేదు," అన్నాడు.

ఇప్పుడు వయసు మీదపడి నా వేళ్లే బిగుసుకుపోయాయి. పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఆ రాగమే తీస్తాను. ఇది లయ, మంత్రం కాదని మా ఆవిడకు రోజూ వివరిస్తాను. ఆవిడ "ఊఁ" అంటుంది. అదే శ్రుతిలో.