బాబాయి ఆకు కొలత

మా బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే, ఆకులు కొలవడం. పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా స్కేలు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళేవాడు. పొద్దుతిరుగుడు మొక్కల ఆకుల పొడుగూ వెడల్పూ తేలాకే మనుషుల మొహాలు చూసేవాడు. ఆకులు ఎలా పెరుగుతాయో పరిశోధించడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చినా అది ఆయన్ని వదిలేది కాదు.

ఒకసారి ఆయాసంగా ఉందంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "గట్టిగా ఊపిరి పీల్చండి" అన్నాడు డాక్టరు. బాబాయి చూపు కిటికీలోని కుండీ మీదుంది.

"దానికి ఊపిరాడట్లేదండీ."

"దేనికి?"

"ఆ మొక్కకి. నీళ్ళెక్కువై వేళ్ళకి గాలి అందక ఆకులు వేలాడేశాయి. మీరు దాహమనుకుని ఇంకా పోస్తున్నారు."

మందులచీటీతో పాటు ఆ కుండీ కూడా చికిత్స కోసం మాతో వచ్చింది.

సెలూన్‌లో సగం గడ్డం గీయించుకుని, ఎండెక్కితే ఆకులో నీటి బిగువు తగ్గి కొలత మారిపోతుందని పరుగెత్తుకొచ్చిన మనిషాయన. మిగతా సగం మర్నాడు గీయించుకున్నాడు.

పిన్ని సముద్రం లోతులు కొలిచే ఓడలో పనిచేసేది. ఎక్కితే నెలల తరబడి నీళ్ళ మీదే. ఉద్యోగం కోసం నేను వాళ్ళింట్లో ఉండేదాన్ని. బాబాయి రోజూ రెండు కప్పుల్లో టీ పోసి, రెండోది నా ముందుకు తోసేవాడు. నేను టీ తాగనని ఆయనకి తెలుసు.

ఆదివారం ఓడ నుంచి ఫోన్ వచ్చేది. అది మోగకముందే తల దువ్వుకుని కూర్చునేవాడు. తీరా పిన్ని గొంతు వినగానే, "మూడో ఆకు జానెడైంది. ఇక్కడేం కొరత లేదు" అని పెట్టేసేవాడు. తర్వాత చాలాసేపటిదాకా ఫోన్ చేతిలోంచి వదిలేవాడు కాదు.

"గుర్తొస్తున్నావని ఒక్కసారి చెప్పొచ్చుగా బాబాయ్?" అని ఓ రోజు కోప్పడ్డాను.

నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళి ఒక మొక్క చూపించాడు. దాని వేళ్ళు సగం తడి కుండీలో, సగం ఎండిన కుండీలో ఉన్నాయి.

"ఈ ఆకుకి నీళ్ళ కరువు లేదు. తడివైపు నుంచి అందుతూనే ఉన్నాయి. అయినా ఎదుగుదల తగ్గించేసింది. ఎందుకో తెలుసా? ఎండినవైపు వేళ్ళు ఒక హార్మోనుతో పైకి కబురు పెట్టాయి, ఇక్కడ కష్టంగా ఉందని."

ఎండిన కుండీ అంచు తుడుస్తూ అన్నాడు. "మీ పిన్ని చిన్నప్పట్నుంచీ ఆ ఓడ కోసమే చదివింది. నేను అలాంటి కబురు పెడితే సగంలో దిగొచ్చేస్తుంది."

నేను ఎండిన కుండీ మట్టిలో వేలు పెట్టి చూశాను.

తర్వాతి ఆదివారం ఆయన స్నానంలో ఉండగానే ఫోన్ వచ్చింది. నేనెత్తాను.

"మూడో ఆకు నిజంగా ఎంతుందో చూసి చెప్పవే" అంది పిన్ని.

వెళ్ళి చూశాను. "అరచెయ్యంతే ఉంది పిన్నీ."

పిన్ని నవ్వింది. "అనుకున్నా. కొలతల్లో ఆయన అబద్ధమాడేది నా ఒక్కదాని దగ్గరే. బెంగ పెరిగినకొద్దీ ఆకుని పెంచుతాడు. మేం రేవుకి దగ్గర్లోనే ఉన్నాం. ఈసారి జానెడు దాటిందంటే వారం సెలవు పెట్టేస్తా."

అంతలో బాబాయి తడి తలతోనే వచ్చి ఫోన్ లాక్కున్నాడు. గొంతు సవరించుకుని, "మూడో ఆకు జానెడున్నర" అన్నాడు.

అటునుంచి పిన్ని ఏదో అంది. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు గుర్రుగా చూసి, ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వస్తే రా. ఆకు మాత్రం కొలవకు."